అప్పు తీర్చే బడ్జెట్ ఎలా వేసుకోవాలి? నెలనెలా కట్టే మొత్తం తగ్గకుండా చూసుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకే చాలామంది నెత్తిన నాలుగైదు రకాల అప్పులు ఉంటాయి. చదువు కోసం తీసుకున్న లోను, ఫోన్ మీద ఈఎంఐ, క్రెడిట్ కార్డు బాకీ, ఇబ్బందిలో ఉన్నప్పుడు తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్న చేబదులు. విడివిడిగా చూస్తే ఏదీ అంత పెద్దదిగా అనిపించదు. అన్నీ కలిస్తే మాత్రం జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ అవుతుంది. మీదీ ఇదే పరిస్థితి అయితే కింద చెప్పినవి వరుసగా చేసుకుంటూ వెళ్లండి.

ఖర్చులు తగ్గించుకోమని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరు. అప్పులకు ప్రతి నెలా ఇంత అని ఒక మొత్తం నిర్ణయించుకోండి. చివరి అప్పు తీరేదాకా దాన్ని తగ్గనివ్వకండి. బడ్జెట్ పని ఆ మొత్తాన్ని కాపాడటమే.

ముందు ఒక లెక్క చూడండి

కార్డు మీద లక్ష బాకీ ఉంది, వడ్డీ నెలకు నూటికి మూడు అనుకుందాం. కార్డు మీద కొత్తగా ఏమీ కొనడం లేదు. వడ్డీ కలిపాక తేలిన మొత్తంలో 5 శాతం కడితే చాలని బిల్లులో ఉంటుంది, అదే మినిమమ్ డ్యూ. మొదటి నెల 1,03,000 మీద 5 శాతం, అంటే 5,150 కడతారు. రెండో నెల బిల్లు 5,039 అడుగుతుంది. ఆ తర్వాత ఇంకా తక్కువ. బిల్లు అడిగినంతే కడుతూ పోతే, 30 నెలలయ్యాక కూడా దాదాపు 52 వేలు బాకీ మిగిలే ఉంటుంది.

బిల్లులో ఎంత తగ్గించి రాసినా పట్టించుకోకుండా, మొదటి నెల కట్టిన ఆ 5,150నే ప్రతి నెలా కట్టారనుకోండి. 30వ నెలతో అప్పు పూర్తిగా తీరిపోతుంది. మొదటి నెల ఇద్దరి జేబులోంచీ పోయింది ఒకే మొత్తం. ఒకరు దాన్ని తగ్గనిచ్చారు, ఇంకొకరు తగ్గనివ్వలేదు. తేడా అంతే. నెలకు 7,000 కట్టగలిగితే 19 నెలల్లో అయిపోతుంది, 5,150 చొప్పున కడితే మొత్తం మీద పడే దాదాపు 52 వేల వడ్డీ 32,500కి దిగుతుంది.

బిల్లు మీద ఆ చిన్న అంకె కనబడటమే మన మీద ప్రభావం చూపిస్తుంది. వార్విక్ యూనివర్సిటీ పరిశోధకుడు నీల్ స్టీవర్ట్ ఒక నమూనా కార్డు బిల్లును కొందరికి మినిమమ్ అంకెతో, మరికొందరికి ఆ అంకె లేకుండా చూపించి, ఎంత కడతారని అడిగారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. బాకీలో కొంత భాగమే కడతామన్నవాళ్లను చూస్తే, ఆ అంకె కనబడినవాళ్లు బాగా తక్కువ కడతామన్నారు. అందుకే బిల్లు చూడకముందే మీ అంకె మీ దగ్గర ఉండాలి.

1. అప్పులన్నీ ఒకే కాగితం మీదకు తీసుకురండి

చాలామంది వాయిదా వేసేది ఈ పనినే. మొత్తం ఎంతో తెలిస్తే టెన్షన్ పెరుగుతుందన్న భయం. ఒక సాయంత్రం కూర్చుని పూర్తి చేసేయండి. ఒక్కో అప్పుకు ఒక్కో వరుస. అందులో ఇవి రాయాలి: ఎవరికి ఇవ్వాలి, ఈ రోజుకు అసలు ఎంత, వడ్డీ శాతం, నెలకు తప్పనిసరిగా కట్టాల్సింది, ఏ తేదీన కట్టాలి, ఇంకా ఎన్ని నెలలు, ముందే తీర్చేస్తే ఛార్జీ ఏమైనా ఉందా.

వడ్డీ దగ్గర జాగ్రత్త. నెలకు 3 శాతం అని రాసి ఉంటే పన్నెండుతో గుణించి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి అది దాదాపు 42.6 శాతం. ఇంకొన్ని లోన్లు ఫ్లాట్ రేటు మీద ఇస్తారు. అంటే మీరు అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కవేస్తారు. రెండేళ్ల లోను 12 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే బాకీ మీద లెక్కవేసే పద్ధతిలో అది సుమారు 21.5 శాతంతో సమానం. కాబట్టి రెండు లోన్లను పోల్చే ముందు రెండూ ఒకే పద్ధతిలో ఉన్నాయో లేదో కనుక్కోండి. కాగితాల్లో స్పష్టంగా లేకపోతే అప్పు ఇచ్చినవాళ్లనే అడగండి. తగ్గే బాకీ మీద ఏడాదికి ఎంత శాతం, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే ఎంత? ఈ రెండు ప్రశ్నలు చాలు.

చేబదుళ్లను కూడా రాయండి. వడ్డీ లేదు కదా అని వదిలేస్తే లెక్క తప్పుతుంది. అంతకంటే ముఖ్యంగా, స్నేహాలు దెబ్బతినేది వాటి దగ్గరే.

2. కొత్త అప్పు పడకుండా తలుపు మూయండి

ఒకవైపు తీరుస్తూ ఇంకోవైపు వాడుతుంటే ఎంత కట్టినా బాకీ అక్కడే ఉంటుంది. షాపింగ్ యాప్‌లలో దాచుకున్న కార్డు వివరాలు తీసేయండి. కార్డు పూర్తిగా రద్దు చేయాల్సిన అవసరం లేదు, ఇంట్లో పెట్టేసి రోజువారీ ఖర్చుకు సొంత డబ్బు వాడితే చాలు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. పాత బాకీ మిగిలి ఉండగా కార్డు వాడితే, వడ్డీ లేని గడువు సాధారణంగా వర్తించదు. కొన్న రోజు నుంచే కొత్త కొనుగోలు మీద కూడా వడ్డీ మొదలవుతుంది. కార్డుతో నగదు తీస్తే బాకీ ఉన్నా లేకపోయినా దాదాపు ఎప్పుడూ ఇదే పరిస్థితి, పైగా ఫీజు కూడా.

కార్డు చేతిలో ఉంటే మనం ధర చూసే తీరే మారిపోతుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ మ్యాచ్ టికెట్లను వేలం వేసి చూశారు. నగదుతో కట్టాలని చెప్పినవాళ్లకంటే కార్డుతో కట్టాలని చెప్పినవాళ్లు దాదాపు రెట్టింపు పాడారు. 2001లో ఆ ఫలితాలు ప్రచురించారు.

"ఇప్పుడు తీసుకోండి, మూడు నెలల్లో కట్టండి" అనే సదుపాయాలు కూడా అప్పులే. వడ్డీ లేకపోయినా, రాబోయే నెలల జీతంలో కొంత ఇప్పుడే ఖర్చయిపోయినట్టు లెక్క. వాటినీ ఆ కాగితంలో చేర్చండి.

3. గడిచిన మూడు నెలలు ఏం చెబుతున్నాయో చూడండి

బడ్జెట్ అంటే ముందు నెల ఖర్చులు ఊహించి రాయడం మొదలుపెడతారు. ఊహల్లో మనందరం పొదుపరులమే. అందుకే గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, ప్రతి ఖర్చు పక్కన ఒక గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. తప్పనిసరివి, అప్పులవి, ఇష్టంతో పెట్టినవి, ఎందుకు పెట్టారో గుర్తులేనివి. నాలుగు గుర్తులు చాలు. ఇరవై రకాలుగా విడదీస్తే రెండో వారానికే విసుగొచ్చి వదిలేస్తారు.

గుర్తులేని వాటిని ముందు పట్టుకోండి. వాడని సబ్‌స్క్రిప్షన్లు, ఆటో డెబిట్‌లో పోతున్న పాత ప్లాన్లు, ఆలస్యంగా కట్టినందుకు పడిన జరిమానాలు అక్కడే దొరుకుతాయి. వీటిని ఆపితే మీ జీవితంలో ఏ సుఖమూ తగ్గదు. కోత ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే న్యాయం.

తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులు. బీమా ప్రీమియం, ఫీజులు, బండి రిపేరు, పళ్ల డాక్టరు, దగ్గరివాళ్ల పెళ్లికి ప్రయాణం. నా ఉద్దేశంలో అప్పు తీర్చే ప్రణాళికలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇవి అనుకోకుండా వచ్చినట్టు అనిపిస్తాయి కానీ, వస్తాయని మనకు ముందే తెలుసు. గత ఏడాది ఇలాంటివి ఏమేం వచ్చాయో గుర్తు చేసుకుని మొత్తం కలపండి, పన్నెండుతో భాగించండి. వచ్చిన అంకెను ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. ప్రీమియం గడువు వచ్చిన రోజు కార్డు తీయాల్సిన పని ఉండదు.

మీది స్థిరమైన జీతం కాకపోతే, గత ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను తీసుకుని దాని మీద బడ్జెట్ వేయండి. ఎక్కువ వచ్చిన నెలల మిగులులో సగం రాబోయే మందగొడి నెలకు, సగం అప్పుకు.

4. మీ అంకె తేల్చుకోండి

చేతికొచ్చేది 100 అనుకోండి. అద్దె, కరెంటు, సరుకులు, ప్రయాణం లాంటివి 58. ఏడాది ఖర్చులకు పక్కన పెట్టేది 6. మీ సొంతానికి, ఎవరికీ లెక్క చెప్పనవసరం లేకుండా 10. అటూఇటూ అయితే సర్దుకోవడానికి 2. మిగిలిన 24 అప్పులకు. అందులో అన్ని అప్పుల తప్పనిసరి వాయిదాలు కలిపి 16 అయితే, అదనంగా కట్టగలిగేది 8. మీ అంకె ఆ 24.

50-30-20 లెక్క మీరు వినే ఉంటారు: అవసరాలకు 50, కోరికలకు 30, పొదుపుకూ అప్పు తీర్చడానికీ కలిపి 20. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగీ కలిసి 2005లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మొదటి ఉద్యోగంలో, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు అవసరాలే 60 దాటడం మామూలే. ఆ లెక్కకు మీది సరిపోలేదని నిరాశపడకండి. మీ స్టేట్‌మెంట్ చెప్పేదే మీ లెక్క.

సొంతానికి పెట్టుకున్న 10ని పూర్తిగా సున్నా చేయాలనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి నెల ఉత్సాహంలో. చేయకండి. మూడు నెలలు బిగబట్టి, నాలుగో నెల ఒక్కసారిగా ఖర్చుపెట్టేయడం కంటే ప్రతి నెలా కొంచెం పెట్టుకోవడమే మంచిది. మీరు కాపాడాల్సింది ఆ 24ని.

ఇక దాన్ని మీ మనోబలానికి వదిలేయకండి. జీతం పడిన మరుసటి రోజునే అప్పుల వాయిదాలన్నీ ఆటోమేటిక్‌గా వెళ్లిపోయేలా పెట్టుకోండి. కట్టాల్సిన తేదీలు నెలంతా చెల్లాచెదురుగా ఉంటే, తేదీ మార్చమని అప్పు ఇచ్చిన సంస్థను అడగండి. చాలా చోట్ల మారుస్తారు. అదనపు మొత్తం కూడా అదే రోజు వెళ్లాలి. నెలాఖరున మిగిలితే కడదాం అనుకుంటే, నెలాఖరుకు ఏమీ మిగలదు.

అదనంగా కట్టడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న నిధి చేసుకోండి. కనీసం మీ రెండు మూడు వారాల తప్పనిసరి ఖర్చులకు సరిపోయేంత. ఇది పూర్తయ్యేదాకా అదనపు 8ని ఇందులోనే వేయండి. ఎక్కువ వడ్డీ అప్పు నెత్తిన ఉండగా డబ్బు ఊరికే ఖాతాలో ఉంచడం లెక్క ప్రకారం నష్టమే. అయినా ఫోన్ పగిలినా జ్వరమొచ్చినా మళ్లీ అప్పు వైపు వెళ్లకుండా ఆపేది అదే. ఆరు నెలల ఖర్చులు దాచడం లాంటివి అప్పులు తీరాక చూసుకోవచ్చు.

5. ముందు ఏ అప్పు?

అన్నిటికీ తప్పనిసరి వాయిదా కట్టాక, అదనపు మొత్తాన్ని అన్ని అప్పులకూ పంచకండి. ఒక్కదాని మీదే పెట్టండి. ఏ ఒక్కటి అన్నదాని మీద రెండు పద్ధతులు ఉన్నాయి. వడ్డీ శాతం ఎక్కువున్నది ముందు తీర్చడం ఒకటి, బాకీ చిన్నది ముందు తీర్చడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో మొత్తం మీద వడ్డీ తక్కువ పడుతుంది, ఇందులో వాదన లేదు. రెండో దానికీ బలం ఉంది. డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు అప్పు తీర్చే ప్రయత్నంలో ఉన్నవాళ్ల వివరాలు పరిశీలించి 2012లో ఒక విషయం చెప్పారు: ఒక్కో ఖాతాను పూర్తిగా మూసేస్తూ వచ్చినవాళ్లు చివరిదాకా నిలబడి అప్పులన్నీ తీర్చే అవకాశం ఎక్కువ.

నా సలహా ఇది. ఒకటి రెండు నెలల్లో తీరిపోయే బుల్లి అప్పు ఏదైనా ఉంటే ముందు దాన్ని మూసేయండి. ఆ తర్వాత మాత్రం వడ్డీ శాతం చూసే వెళ్లండి. కార్డు లాంటి నూటికి మూడు వడ్డీలు తడిసిమోపెడు అవుతాయి, వాటిని వెనక్కి నెట్టడం మంచిది కాదు.

ఒక అప్పు తీరినప్పుడు ఏం చేస్తారన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. ఫోన్ ఈఎంఐ 5 అయిపోయింది అనుకోండి. ఆ 5 మీ చేతికి ఖర్చుకు రాకూడదు. నేరుగా తర్వాతి అప్పు మీదకు వెళ్లాలి. అదనంగా కట్టేది 8 నుంచి 13 అవుతుంది, మొత్తం మాత్రం అదే 24. మొదట్లో నత్తనడకన కదిలిన అప్పు, ఇలా రెండు మూడు ఖాతాలు మూసేసరికి కళ్లముందే కరుగుతుంది. తీరిన నెలలోనే ఆటో డెబిట్ మార్చేయండి. ఒక్క నెల ఆలస్యమైనా ఆ డబ్బుకు వేరే అలవాటు పుడుతుంది.

జీతం పెరిగితే పెరిగినదాంట్లో కనీసం సగం ఆ 24కి కలపండి. బోనస్‌కూ అంతే. లోనులో కొంత అసలు ముందే కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడుగుతారు. గడువే తగ్గించమని చెప్పండి, వడ్డీ బాగా ఆదా అవుతుంది. ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉంటే, ఆదా అయ్యే వడ్డీ దానికంటే ఎక్కువో కాదో ముందు చూసుకోండి.

6. కట్టలేని నెల వస్తే

ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో ఎవరికైనా బాగోకపోవచ్చు. ఆ నెలలో ముందు తలదాచుకునే చోటు, తిండి, మందులు, పనికి వెళ్లడానికి కావాల్సిన ఖర్చు. తర్వాత ఏదైనా తాకట్టు పెట్టిన అప్పులు, ఇంకొకరు హామీ సంతకం పెట్టిన అప్పులు, ఎందుకంటే మీరు ఆపితే భారం వాళ్ల మీద పడుతుంది. మిగతావి ఆ తర్వాత.

గడువు దాటకముందే అప్పు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. దాటిన తర్వాత చేసే ఫోన్‌కూ ముందు చేసే ఫోన్‌కూ చాలా తేడా ఉంటుంది. పరిస్థితి చెప్పి, ఎంత కట్టగలరో మీరే ఒక అంకె చెప్పండి. వాయిదా తగ్గించి గడువు పెంచడం, రెండు మూడు నెలల విరామం, జరిమానా మాఫీ లాంటివి అడగండి. ఒప్పుకున్నది రాతపూర్వకంగా, కనీసం మెయిల్‌లో తీసుకోండి. కొంత కట్టి సెటిల్ చేసుకోమని చెబితే తొందరపడకండి. బాకీ తగ్గుతుంది కానీ, మీ క్రెడిట్ రికార్డులో అది పూర్తిగా తీర్చిన అప్పుగా కాకుండా సెటిల్ అయినదిగా నమోదు కావచ్చు, తర్వాత లోను దొరకడం కష్టమవుతుంది. వేరే దారి లేనప్పుడే దాన్ని ఎంచుకోండి.

అప్పు తీర్చడానికి అప్పు చేయొచ్చా అంటే, కొత్తదాని వడ్డీ ఫీజులతో కలిపి కూడా స్పష్టంగా తక్కువగా ఉండి, పాత కార్డును మళ్లీ నింపనని మీకు నమ్మకం ఉంటేనే. నిమిషాల్లో డబ్బు వేసి, మీ కాంటాక్టులూ ఫొటోలూ చూసే అనుమతి అడిగే యాప్‌ల జోలికి ఎంత అవసరం వచ్చినా వెళ్లకండి. కట్టడం ఆలస్యమైతే ఆ వివరాలతోనే వేధిస్తారు.

తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బుకు మౌనమే పెద్ద శత్రువు. ఇవ్వలేక ఫోన్ ఎత్తడం మానేస్తాం, వాళ్లేమో ఎగ్గొట్టాడనుకుంటారు. ఇలా ఒక మెసేజ్ పెట్టి చూడండి:

"అన్నా, మీ దగ్గర తీసుకున్న 12 వేలు మర్చిపోలేదు. ఒకేసారి ఇచ్చే వీలు లేదు. వచ్చే నెల నుంచి ప్రతి నెలా 5వ తేదీన 2 వేల చొప్పున ఆరు నెలల్లో ఇచ్చేస్తాను. ఈలోగా మీకు అత్యవసరమైతే చెప్పండి, ముందు మీదే చూస్తాను."

తేదీ, మొత్తం, ఎన్ని నెలలు, మూడూ అందులో ఉన్నాయి. చెప్పిన తేదీకి చెప్పినంత పంపండి, చిన్నదైనా సరే. ఇంట్లో కలిసి ఉండేవాళ్లకు, పెళ్లి చేసుకోబోయేవాళ్లకు కూడా మీ కాగితం చూపించండి. దాచిపెట్టిన అప్పుతో వేసిన బడ్జెట్‌కు ఇంట్లో ఎవరూ సహకరించలేరు.

నెలకోసారి, జీతం వచ్చిన రోజు, పావుగంట కూర్చుని ఆ కాగితంలో బాకీలు కొత్తగా రాయండి. అనుకున్నదానికంటే ఎక్కడ ఖర్చు ఎక్కువైందో చూసి, వచ్చే నెల అంకెలు సరిచేయండి. ఒక నెల తప్పితే మరుసటి నెల రెట్టింపు కట్టి సరిచేయాలని ప్రయత్నించకండి, మళ్లీ 24 దగ్గరికి వస్తే చాలు.

చివరి వాయిదా కట్టాక కూడా కొంత పని ఉంటుంది. ప్రతి సంస్థ నుంచి బాకీ ఏమీ లేదని లెటర్ తీసుకోండి. తాకట్టు పెట్టిన కాగితాలు, ఇచ్చిన చెక్కులు వెనక్కి తెచ్చుకోండి. ఆటో డెబిట్ రద్దయిందో లేదో చూసుకోండి. రెండు నెలల తర్వాత మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని, ఆ ఖాతాలన్నీ మూసినట్టు ఉన్నాయో లేదో సరిచూసుకోండి. తప్పుంటే ఆ లెటర్ జతచేసి సవరణకు రాయండి. ఇక ఆ 24ను అదే తేదీన, అదే ఆటోమేటిక్ పద్ధతిలో మీ సొంత పొదుపు ఖాతాకు మళ్లించండి. అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చులకు సరిపోయేదాకా దాన్ని కదపకండి.